క్యూలో మెసేజ్ పడితే రూటింగ్ టెస్ట్ పాసైనట్టేనా?

కొత్త_టెస్టర్ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ వెబ్ స్క్రీన్ల టెస్టింగ్ చేసి ఈ మధ్యే ఇంటిగ్రేషన్ టీమ్‌లోకి వచ్చాను. ప్రాజెక్టు ఇదీ. డీలర్లు ఆర్డర్లు పెట్టే జావా అప్లికేషన్ ఒకటి ఉంది. ఆర్డర్ ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఐబీఎం ఎంక్యూ (అప్లికేషన్ల మధ్య మెసేజ్‌లని క్యూల్లో చేరవేసే సాఫ్ట్‌వేర్)లోని ఇన్‌పుట్ క్యూలో పడుతుంది. రూటర్ దాన్ని చదివి డీలర్ జీఎస్‌టీ నంబర్‌లో మొదటి రెండంకెలు, అంటే రాష్ట్రం కోడ్, చూస్తుంది. 36 అయితే హైదరాబాద్ గోడౌన్ క్యూకి, 37 అయితే విజయవాడ గోడౌన్ క్యూకి పంపుతుంది. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్‌టీ కింద కావాల్సిన పత్రం) అడాప్టర్ క్యూకి ఇంకో కాపీ. అడాప్టర్ అంటే అవతలి సిస్టమ్‌కి కలిపే ప్రోగ్రామ్. వీటితో పాటు ప్రతి ఆర్డరూ జేఎంఎస్ (జావా మెసేజింగ్ ప్రమాణం) అడాప్టర్ ద్వారా ఎస్‌ఏపీకి, అంటే మా ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌కి, చేరాలి.

ఇప్పటిదాకా టీమ్‌లో చేస్తున్న టెస్టింగ్ ఏమిటంటే, ఎంక్యూ ఎక్స్‌ప్లోరర్ (క్యూలు చూసే టూల్) తెరిచి ఇన్‌పుట్ క్యూలో ఒక మెసేజ్ వేయడం, గమ్యం క్యూ డెప్త్ (అందులోని మెసేజ్‌ల సంఖ్య) ఒకటి పెరిగిందో లేదో చూడడం, స్క్రీన్‌షాట్ తీసుకుని పాస్ అని రాయడం. నాకు ఇది సరిపోదనిపిస్తోంది గానీ ఎందుకు సరిపోదో లీడ్‌కి గట్టిగా చెప్పలేకపోతున్నాను. పైగా మొన్న విజయవాడ క్యూ డెప్త్ 1 అని చూపించింది, బ్రౌజ్ చేస్తే (తీయకుండా లోపల చూస్తే) ఒక్క మెసేజూ లేదు. డెవలపర్‌ని అడిగితే రిఫ్రెష్ చేయమన్నారు. చేసినా అంతే. అసలు అలా ఎలా అవుతుంది? ఈ టెస్టింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మిడిల్‌వేర్_సీనియర్ (చెన్నై)

ముందు ఆ డెప్త్ సంగతి చెప్తానమ్మా. కరెంట్ డెప్త్‌లో ఇంకా కమిట్ కాని (ఖాయం చేయని) మెసేజ్‌లు కూడా లెక్కలోకి వస్తాయి. మీ రూటర్ ట్రాన్సాక్షన్‌లో మెసేజ్ వేసి, కమిట్ చేయకుండా ఎక్కడో ఆగి ఉంటుంది. అందుకే డెప్త్ 1, బ్రౌజ్ చేస్తే ఖాళీ. ఈసారి అలా కనిపిస్తే రిఫ్రెష్ కొట్టకండి. రన్‌ఎంక్యూఎస్‌సీ అనే కమాండ్ టూల్‌లో ఆ క్యూ స్టేటస్ అడిగి అన్‌కామ్ అనే విలువ చూడండి. కమిట్ కాని మార్పులు పెండింగ్‌లో ఉన్నాయో లేదో అక్కడే తేలిపోతుంది. ఉంటే రూటర్ లాగ్‌లో ఆ సమయానికి ఏం జరిగిందో వెతకండి. నా అనుమానం, ఎస్‌ఏపీ కాపీ వేసే దగ్గరో, ఈ-వే బిల్లు కాపీ దగ్గరో అది వేలాడుతోంది.

రెండో మాట. మీ టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో గోడౌన్ అప్లికేషన్ నడుస్తూ ఉంటే మీరు చూసేలోపే అది మెసేజ్ తీసేసుకుంటుంది. డెప్త్ 0 నుంచి 1 అయి మళ్లీ 0 అవుతుంది, మీకు 0 తప్ప ఏమీ కనపడదు. క్యూ స్టేటస్‌లోనే ఐపీప్రాక్స్ చూడండి. అది సున్నా కాకపోతే ఎవరో చదవడానికి క్యూ తెరిచి కూర్చున్నారని అర్థం.

చాలామంది దీనికి విరుగుడుగా క్యూ మీద గెట్ (మెసేజ్ తీసుకోవడం) డిజేబుల్ చేస్తారు. అలా చేస్తే మీకు బ్రౌజ్ కూడా పనిచేయదు, 2016 రీజన్ కోడ్ (కారణం చెప్పే అంకె) వస్తుంది. క్యూని వదిలేసి మెసేజ్‌లు తీసుకునే అవతలి కన్స్యూమర్‌నే ఆపించండి.

గోదావరి_డెవ్ (రాజమండ్రి, వర్క్ ఫ్రమ్ హోమ్)

డెవలపర్ వైపు నుంచి ఒక మాట. రూటింగ్ నియమాలు కోడే కదా, వాటిని క్యూల దాకా తీసుకెళ్లి టెస్ట్ చేయడం టైమ్ వేస్ట్. మేం అపాచీ క్యామెల్ అనే రూటింగ్ లైబ్రరీ వాడతాం. దాని అడ్వైస్-విత్ సదుపాయంతో గమ్యం క్యూల స్థానంలో మాక్ ఎండ్‌పాయింట్లు (ఉత్తుత్తి గమ్యాలు) పెడతాం. ఏ మాక్‌కి ఎన్ని మెసేజ్‌లు రావాలో ముందే చెప్తాం, రన్ చేస్తాం. వందల కేసులు నిమిషాల్లో అయిపోతాయి, ప్రతి బిల్డ్‌లో వాటంతటవే నడుస్తాయి. చేత్తో మెసేజ్‌లు వేసుకుంటూ కూర్చుంటే రిలీజ్‌లు ఎప్పటికి అవుతాయి?

క్యూ_కాపరి (హైదరాబాద్)

తమ్ముడు గోదావరి చెప్పిన మాక్ టెస్టులు ఉండాల్సిందే, వాటికి నేను వ్యతిరేకం కాదు. 36కి ఒక దారి, 37కి ఒక దారి అనే లెక్క అక్కడే తేల్చుకోవాలి. కానీ మాక్ దగ్గర క్యూ నిండిపోదు. మాక్‌కి 4 ఎంబీ మెసేజ్ సైజు పరిమితి ఉండదు. పర్మిషన్ లేక 2035 రాదు, ఛానెల్ (సర్వర్ల మధ్య మెసేజ్ వెళ్లే దారి) ఆగిపోదు, క్యూ పేరు కాన్ఫిగరేషన్‌లో ఒక అక్షరం తప్పు పడినా మాక్‌కి తెలియదు. ప్రొడక్షన్‌లో రాత్రి పూట ఫోన్లు వచ్చేది వీటి గురించే. ఇవన్నీ అడాప్టర్‌కీ క్యూకీ మధ్య ఉండే విషయాలు, అసలు క్యూ మేనేజర్ (క్యూలని నడిపే ఎంక్యూ సర్వర్) లేకుండా బయటపడవు. ఇప్పుడు కంటైనర్లో క్యూ మేనేజర్‌ని లేపి టెస్ట్ అయ్యాక పడేసే వీలుంది కాబట్టి ఖర్చు అనే సాకు కూడా లేదు.

కొత్త_టెస్టర్ గారూ, లీడ్‌తో ఇలా చెప్పండి: "సరైన క్యూలో పడింది" అన్నది పరీక్షలో సగం కూడా కాదు. ఆ మెసేజ్ మిగతా ఏ క్యూలోనూ పడలేదని చూపించారా? మీరు ఇన్‌పుట్‌లో వేసినవన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్క అప్పజెప్పగలరా? నేను రూటింగ్ టెస్ట్ అంటే ఈ లెక్కనే చూస్తాను.

చేసే విధానం చెప్తాను. పరీక్షకి ముందు ఒక క్యూల జాబితా రాసుకోండి. ఇన్‌పుట్ క్యూ, రెండు గోడౌన్ క్యూలు, ఈ-వే క్యూ, ఎస్‌ఏపీ క్యూ మాత్రమే కాదు. డెడ్ లెటర్ క్యూ (గమ్యం చేరలేనివాటికి), బ్యాకౌట్ క్యూ (పదేపదే ఫెయిలైనవాటికి), అడాప్టర్ సొంతంగా పెట్టుకున్న ఎర్రర్ క్యూ, ట్రాన్స్‌మిషన్ క్యూ (వేరే క్యూ మేనేజర్‌కి వెళ్లాల్సినవాటికి) కూడా. అన్నిటి డెప్త్ మొదట నోట్ చేసుకోండి. ప్రతి మెసేజ్‌లో ఆర్డర్ నంబర్ వేరుగా ఉండాలి, ఏ కేసుదో దాన్ని చూడగానే తెలియాలి. ఒకే మెసేజ్‌ని పది సార్లు వేస్తే పదీ వచ్చాయో, ఒకటే పది సార్లు వచ్చిందో మీకు తెలియదు. ఇప్పుడు ఒక్కో మెసేజ్ కాకుండా కలగాపులగంగా ఒక బ్యాచ్ వేయండి. అందులో 36వి, 37వి, పాత 28 కోడ్‌తో ఒకటి, అసలు జీఎస్‌టీ నంబరే లేనిది ఒకటి, ట్యాగ్ ఉండి లోపల ఖాళీగా ఉన్నది ఒకటి, తమిళనాడు 33 ఒకటి. చివర్లో ప్రతి క్యూనీ బ్రౌజ్ చేసి ఆర్డర్ నంబర్లు బయటికి తీసి, ముందు రాసుకున్న అంచనాతో పోల్చండి. ఏదైనా నంబర్ ఎక్కడా కనపడకపోతే అది పోయినట్టు. రెండు గోడౌన్లలోనూ కనపడితే డూప్లికేట్. ఈ రెండూ డెప్త్ చూస్తే ఎప్పటికీ దొరకవు, ఎందుకంటే ఒకటి పోయి ఇంకొకటి డూప్లికేట్ అయితే మొత్తం సరిపోతుంది.

28 గురించి వివరంగా చెప్పాలి. విభజనకి ముందరి ఆంధ్రప్రదేశ్‌కి ఉన్న కోడ్ అది, కొత్త ఆంధ్రప్రదేశ్ కోడ్ 37. పాత మాస్టర్ డేటాలోంచి తెచ్చుకున్న రికార్డుల్లో 28 మిగిలి ఉండే అవకాశం ఉంది. మీ రూటర్‌లో 36కి, 37కి మాత్రమే షరతులు రాసి, మిగిలినవాటికి ఏం చేయాలో రాయలేదనుకోండి, కొన్ని టూల్స్‌లో ఆ మెసేజ్ ఎర్రర్ కూడా లేకుండా మాయమవుతుంది. ఏ షరతుకీ తగలని మెసేజ్ ఎక్కడికి వెళ్లాలో డిజైన్ డాక్యుమెంట్‌లో ఉందా? లేకపోతే మీ మొదటి డిఫెక్ట్ అదే, ఒక్క మెసేజ్ వేయకముందే.

ఈఆర్‌పీ_విజయవాడ

అక్క చెప్పిన లెక్క బాగుంది. నేను ఈ-వే బిల్లు షరతు దగ్గర ఆగుతాను, ఎందుకంటే అక్కడ అంకెల్లోనే తేడా కొడుతుంది.

నిబంధన ప్రకారం కన్‌సైన్‌మెంట్ విలువ 50,000 "దాటితే" ఈ-వే బిల్లు కావాలి. సరిగ్గా 50,000 అయితే అక్కర్లేదు. కాబట్టి సమానం గుర్తు ఎక్కడ పెట్టారో చూడాలి. ఇది అందరూ చూస్తారు. చూడనిది ఏమిటంటే, ఆ విలువలో పన్ను కూడా కలుస్తుంది. మీ ఆర్డర్ ఎక్స్‌ఎంఎల్‌లో పన్నుకి ముందు మొత్తం ఒక ట్యాగ్‌లో, పన్నుతో మొత్తం ఇంకో ట్యాగ్‌లో ఉంటాయి. రూటర్ ఏది చదువుతోంది? 18 శాతం పన్ను ఉన్న సరుకు తీసుకోండి. పన్నుకి ముందు 42,372 రూపాయలైతే మొత్తం 49,998.96. ఈ-వే క్యూకి వెళ్లకూడదు. 42,373 అయితే 50,000.14. వెళ్లాలి. ఈ రెండు మెసేజ్‌లూ వేసి చూడండి, రెండోది వెళ్లకపోతే రూటర్ తప్పు ట్యాగ్ చదువుతోందో, దశాంశాల్ని కత్తిరిస్తోందో, ఏదో ఒకటి జరుగుతున్నట్టు. దశాంశాలు కొట్టేసి 50,000 అనుకుంటే రెండోది లారీ ఎక్కాక దారిలో తనిఖీలో తేలుతుంది.

రాష్ట్రం లోపలి రవాణాకి ఈ పరిమితి రాష్ట్రాన్ని బట్టి వేరుగా ఉండొచ్చు. అందుకని ఆ 50,000 కోడ్‌లో పాతేశారా, కాన్ఫిగరేషన్‌లో పెట్టారా అన్నది కూడా అడగండి.

విలువని జేఎంఎస్ ప్రాపర్టీగా (మెసేజ్‌తో పాటు వెళ్లే విడి విలువగా) పెట్టి సెలెక్టర్‌తో, అంటే ఏ మెసేజ్‌లు తీసుకోవాలో చెప్పే షరతుతో, వడకడుతుంటే ఇంకో ప్రమాదం ఉంది. ప్రాపర్టీని స్ట్రింగ్‌గా (అక్షరాల రూపంలో) పెట్టి, సెలెక్టర్‌లో దాన్ని సంఖ్యతో పోలిస్తే జేఎంఎస్ నియమం ప్రకారం ఫలితం ఎప్పుడూ అబద్ధమే. ఎర్రర్ రాదు. లక్ష రూపాయల ఆర్డర్ కూడా ఎవరూ తీసుకోకుండా క్యూలోనే కూర్చుంటుంది.

బెంగళూరు_తెలుగోడు

మేం ర్యాబిట్‌ఎంక్యూ అనే వేరే మెసేజ్ బ్రోకర్ వాడతాం. అక్క అన్న "ఏ షరతుకీ తగలని మెసేజ్" అక్కడ ఇంకా ప్రమాదం. ఎక్స్ఛేంజ్‌కి (మెసేజ్‌లని క్యూలకి పంచే భాగానికి) పంపిన మెసేజ్‌కి ఏ బైండింగూ (ఏ క్యూకి పంపాలో చెప్పే నియమం) సరిపోకపోతే, మామూలుగా బ్రోకర్ దాన్ని పారేస్తుంది. పబ్లిషర్ కన్‌ఫర్మ్ (మెసేజ్ అందిందన్న రసీదు) ఆన్ చేశాం కదా అని ధైర్యంగా ఉండొద్దు. ఎక్కడికీ వెళ్లని మెసేజ్‌కి కూడా బ్రోకర్ నుంచి కన్‌ఫర్మ్ వస్తుంది! మ్యాండేటరీ ఫ్లాగ్ పెడితేనే మెసేజ్ వెనక్కి వస్తుంది, లేదా ఆల్టర్నేట్ ఎక్స్ఛేంజ్ పెట్టుకోవాలి. మేం ప్రతి ఎక్స్ఛేంజ్‌కీ ఆల్టర్నేట్ పెట్టి, దాని క్యూ ఖాళీగా ఉందా అన్నది ప్రతి టెస్ట్ చివరా చూస్తాం.

టాపిక్ ఎక్స్ఛేంజ్ బైండింగ్‌లో నక్షత్రం గుర్తుకి రూటింగ్ కీలోని ఒక పదమే, హ్యాష్ గుర్తుకి సున్నా నుంచి ఎన్ని పదాలైనా. రూటింగ్ కీలో ఒక పదం ఎక్కువున్న మెసేజ్‌తోనూ, ఒక పదం తక్కువున్న దానితోనూ తప్పక టెస్ట్ చేయాలి.

డల్లాస్_నైట్‌షిఫ్ట్

ఇక్కడ గోడౌన్ సిస్టమ్ మెయిన్‌ఫ్రేమ్ మీద ఉన్నవాళ్లతో పనిచేస్తాను. రూటింగ్ సరిగ్గా ఉండి, మెసేజ్ సరైన క్యూలోనే పడి, లోపల అంతా చెత్తగా మారిన కేసులు మాకు ఎక్కువ. క్యారెక్టర్ సెట్ల మార్పిడి వల్ల.

మెసేజ్ డిస్క్రిప్టర్‌లో (మెసేజ్ గురించిన వివరాలుండే హెడర్‌లో) ఏ క్యారెక్టర్ సెట్టో చెప్పే సీసీఎస్‌ఐడీ అనే అంకె ఉంటుంది. యూటీఎఫ్-8 అయితే 1208. మెయిన్‌ఫ్రేమ్ 37 అనే కోడ్‌పేజీ వాడుతుంటే మార్పిడి జరగాలి. ఫార్మాట్ ఫీల్డ్‌లో ఎంక్యూఎస్‌టీఆర్ అని ఉండాల్సింది ఖాళీగా వదిలేస్తే మార్పిడి జరగదు. అవతల 2110 రీజన్ కోడ్ వస్తుంది, అది వార్నింగే కాబట్టి మెసేజ్ మారకుండా అలాగే చేతికొస్తుంది. వార్నింగ్‌ని పట్టించుకోని అడాప్టర్ దాన్నే ముందుకు పంపేస్తుంది. కాబట్టి బ్రౌజ్ చేసేటప్పుడు ఎక్స్‌ప్లోరర్‌లో అక్షరాలు చూసి వదిలేయకండి. ఏఎంక్యూఎస్‌బీసీజీ అనే శాంపిల్ ప్రోగ్రామ్ డిస్క్రిప్టర్‌నీ, బాడీని హెక్స్‌లోనూ చూపిస్తుంది.

మన తెలుగు పేర్లతో టెస్ట్ చేయడం మర్చిపోవద్దు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌పాయింట్‌కీ (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకీ) మూడు బైట్లు. డీలర్ పేరు "వెంకటేశ్వరరావు" అని తెలుగులో వస్తే గుణింతాలు, పొల్లు, సున్నా అన్నీ కలిపి 14 కోడ్‌పాయింట్లు, అంటే 42 బైట్లు. అవతల ఫిక్స్‌డ్ రికార్డులో పేరుకి 40 బైట్లు ఇచ్చారనుకోండి, చివరి "వు"కి ఉన్న కొమ్ము మధ్యలో తెగుతుంది. దాని మూడు బైట్లలో ఒకటి మిగులుతుంది. ఆ పేరుని మళ్లీ ఎక్స్‌ఎంఎల్‌లో పెడితే ఆ ఒక్క బైట్ వల్ల మొత్తం ఎక్స్‌ఎంఎల్ చెల్లదు, పార్సర్ మెసేజ్‌ని తిరగ్గొడుతుంది. "పేరు 20 అక్షరాలే, సరిపోతుంది" అని స్పెసిఫికేషన్‌లో ఉంటే, అక్షరాలా బైట్లా అని రాయించుకోండి. 37 కోడ్‌పేజీలో అయితే తెలుగుకి చోటే లేదు, అక్కడ పేరు ఇంగ్లీష్‌లో పంపాలన్న నిర్ణయం ముందే జరిగి ఉండాలి.

కొత్త_టెస్టర్ (హైదరాబాద్)

అందరికీ చాలా థ్యాంక్స్. సీనియర్ గారూ, మీరన్నట్టే అన్‌కామ్ చూశాను, కమిట్ కానివి ఉన్నాయి. ఎస్‌ఏపీ క్యూ గరిష్ఠ డెప్త్‌కి చేరి 2053 వస్తోంది, అక్కడ రూటర్ ఆగకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది. ఆ ట్రాన్సాక్షన్ తెరిచే ఉండడంతో విజయవాడ కాపీ కూడా బయటికి రాలేదు.

క్యూ_కాపరి అక్కా, బ్యాచ్ వేశాను. 28 ఉన్నదీ, 33 ఉన్నదీ ఏ క్యూలోనూ లేవు. డెడ్ లెటర్ క్యూలో కూడా లేవు. డెవలపర్ మాత్రం దారి లేనివన్నీ డెడ్ లెటర్‌కే వెళ్తాయి అంటున్నారు. ఇంకోటి, కావాలని చెడగొట్టిన ఎక్స్‌ఎంఎల్ ఒకటి ఎస్‌ఏపీ అడాప్టర్ క్యూలో వేస్తే అడాప్టర్ లాగ్ ఆగకుండా పెరుగుతూ పోయింది, వెనకున్న మంచి మెసేజ్‌లు కదల్లేదు. టెన్షన్ వచ్చి ఆపించేశాను.

క్యూ_కాపరి (హైదరాబాద్)

డెడ్ లెటర్ క్యూ మీద ఆ నమ్మకం చాలామందికి ఉంది, అందుకే స్పష్టంగా రాస్తున్నాను. వేరే క్యూ మేనేజర్ నుంచి ఛానెల్ ద్వారా వచ్చిన మెసేజ్‌కి ఇక్కడ గమ్యం క్యూ లేకపోయినా, నిండిపోయినా, అప్పుడు రిసీవర్ ఛానెల్ దాన్ని డెడ్ లెటర్ క్యూలో పెడుతుంది. పైన ఒక హెడర్ తగిలించి, ఎక్కడికి వెళ్లాల్సిందో, ఎందుకు వెళ్లలేదో అందులో రాస్తుంది. అదే క్యూ మేనేజర్ మీద ఉన్న ప్రోగ్రామ్ లేని క్యూని తెరవబోతే 2085 కోడ్ నేరుగా ఆ ప్రోగ్రామ్‌కే వస్తుంది, డెడ్ లెటర్ దాకా ఏమీ వెళ్లదు. ఇక రూటర్‌లో షరతు తగలక మెసేజ్ వదిలేయడం క్యూ మేనేజర్‌కి సంబంధించిన విషయమే కాదు. రూటర్ చదివింది, కమిట్ చేసింది. ఎంక్యూ లెక్కలో ఆ పని సజావుగా పూర్తయింది. మీ 28, 33 అలాగే పోయాయి. డిఫెక్ట్ ఎత్తండి, సివియారిటీ తగ్గించడానికి ఒప్పుకోకండి. పోయింది ఒక డీలర్ ఆర్డర్.

మిడిల్‌వేర్_సీనియర్ (చెన్నై)

ఆగకుండా పెరిగిన లాగ్ సంగతి. అది పాయిజన్ మెసేజ్. అడాప్టర్ చదువుతుంది, పార్స్ కాదు, రోల్‌బ్యాక్ చేస్తుంది, మెసేజ్ మళ్లీ అదే చోటికి వస్తుంది, మళ్లీ చదువుతుంది. ప్రతిసారీ బ్యాకౌట్ కౌంట్ ఒకటి పెరుగుతుంది. క్యూ మీద బ్యాకౌట్ థ్రెషోల్డ్ అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా 0 ఉంటుంది, అంటే పరిమితే లేదు. దానికి 3 అనో 5 అనో ఇచ్చి, బ్యాకౌట్ క్యూ పేరు కూడా ఇవ్వాలి. అయితే క్యూ మేనేజర్ తనంతట తాను ఆ మెసేజ్‌ని పక్కకి తీయదు. ఎంక్యూ జేఎంఎస్ లైబ్రరీ వాడే అడాప్టర్ అయితే ఆ లైబ్రరీ తీస్తుంది. నేరుగా ఎంక్యూఐతో (ఎంక్యూ సొంత ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్‌తో) రాసిన ప్రోగ్రామ్ అయితే ఆ కోడ్ డెవలపరే రాయాలి. కాబట్టి సెట్టింగ్ పెట్టారని తృప్తిపడకుండా, చెడ్డ మెసేజ్‌ని రెండు మంచి మెసేజ్‌ల మధ్య వేసి, మంచివి రెండూ అవతలికి వెళ్లాయనీ, చెడ్డది బ్యాకౌట్ క్యూలో ఉందనీ చూడండి.

దీనికి పక్కనే ఇంకో టెస్ట్ ఉంది, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. అడాప్టర్ మెసేజ్ చదివి ఎస్‌ఏపీలో ఆర్డర్ సృష్టించింది. క్యూ మీద కమిట్ చేసేలోపు దాన్ని చంపేయండి, ప్రాసెస్ కిల్ చేయండి. మళ్లీ లేపితే అదే మెసేజ్ మళ్లీ వస్తుంది. ఎస్‌ఏపీలో ఇప్పుడు ఎన్ని ఆర్డర్లు ఉన్నాయి? రెండుంటే డీలర్‌కి సరుకు రెండుసార్లు వెళ్తుంది. ఆ సందు చాలా చిన్నది, చేత్తో పట్టుకోలేరు. టెస్ట్ బిల్డ్‌లో కమిట్‌కి ముందు కాసేపు ఆగేలా డెవలపర్‌ని పెట్టమనండి. ఇది చేయకుండా లైవ్‌కి వెళ్లే ఇంటర్‌ఫేస్‌కి నేను సంతకం పెట్టను.

ఈఆర్‌పీ_విజయవాడ

దానికి కొనసాగింపుగా, ఎస్‌ఏపీ వైపు ఐడాక్ (ఎస్‌ఏపీలో డేటా మార్పిడికి వాడే డాక్యుమెంట్) స్టేటస్ కూడా చూడాలి. క్యూ ఖాళీ అయింది, అడాప్టర్ లాగ్ పచ్చగా ఉంది, అయినా ఐడాక్ 51లో ఆగి ఉండొచ్చు, అంటే డాక్యుమెంట్ పోస్ట్ కాలేదు. 53 కనపడితేనే పోస్ట్ అయినట్టు. పార్ట్‌నర్ ప్రొఫైల్ (అవతలి సిస్టమ్ గురించిన సెట్టింగ్) లేకపోతే 56. క్యూల వైపు అంతా తయారయ్యేలోపు డబ్ల్యూఈ19 అనే ఎస్‌ఏపీ టెస్ట్ టూల్‌తో ఐడాక్‌ని ఎస్‌ఏపీలోనే పరీక్షించుకుని ఉంచండి, తర్వాత తప్పు ఏ వైపుదో వాదన ఉండదు.

గోదావరి_డెవ్ (రాజమండ్రి, వర్క్ ఫ్రమ్ హోమ్)

కమిట్‌కి ముందు చంపే టెస్ట్ మాక్‌తో చేయలేనని ఒప్పుకుంటున్నాను సీనియర్ గారూ. ఒక ప్రశ్న. కన్స్యూమర్‌ని ఆపితే మొత్తం ప్రవాహాన్ని చివరిదాకా చూడలేం, ఆపకపోతే మధ్య క్యూలో ఏముందో చూడలేం. రెండూ ఒకేసారి కావాలంటే?

మిడిల్‌వేర్_సీనియర్ (చెన్నై)

ఎంక్యూ 9.3 ఉంటే స్ట్రీమింగ్ క్యూ పెట్టండి. గమ్యం క్యూ మీద స్ట్రీమ్‌క్యూ అనే సెట్టింగ్‌లో ఇంకో క్యూ పేరు ఇస్తే, పడిన ప్రతి మెసేజ్‌కీ ఒక కాపీ అందులో కూడా పడుతుంది. గోడౌన్ అప్లికేషన్ అసలుది తీసుకుంటుంది, మీకు కాపీ ఉంటుంది. టెస్ట్ కాబట్టి నాణ్యత మస్ట్‌డూప్‌గా ఉంచండి, అప్పుడు కాపీ వేయలేకపోతే అసలు పుట్ కూడా ఫెయిలవుతుంది. బెస్ట్ ఎఫర్ట్ అయితే కాపీ రాకపోయినా చెప్పదు, మీ లెక్క తప్పుతుంది. కాపీ క్యూని టెస్ట్ తర్వాత ఖాళీ చేయాలి, లేకపోతే అది నిండి అసలు ప్రవాహమే ఆగుతుంది.

కొత్త_టెస్టర్ (హైదరాబాద్)

మాది 9.3యే, అడ్మిన్‌ని అడిగాను, రేపు పెడతానన్నారు. 28, 33 కేసుకి డిఫెక్ట్ వేశాను, లీడ్ కూడా ఒప్పుకున్నారు. రేపు క్యూ మేనేజర్ రీస్టార్ట్ టెస్ట్ ఉంది. ఏఎంక్యూఎస్‌పుట్ అనే ఎంక్యూ శాంపిల్ ప్రోగ్రామ్‌తో కొన్ని మెసేజ్‌లు వేసి, రీస్టార్ట్ చేసి, అన్నీ ఉన్నాయో లేదో చూద్దామనుకుంటున్నాను. ఇది సరిపోతుందా?

క్యూ_కాపరి (హైదరాబాద్)

ఏఎంక్యూఎస్‌పుట్‌తో వద్దు. అది పర్సిస్టెన్స్‌ని (రీస్టార్ట్ తర్వాత కూడా మెసేజ్ నిలవాలా అన్నదాన్ని) క్యూ డిఫాల్ట్ నుంచి తీసుకుంటుంది, క్యూ డిఫాల్ట్ మామూలుగా "కాదు" అని ఉంటుంది. రీస్టార్ట్ అయ్యాక మెసేజ్‌లన్నీ పోతాయి, మీరు లేని డిఫెక్ట్ వేస్తారు. జావా అప్లికేషన్ జేఎంఎస్‌తో పంపేవి, ఎవరూ మార్చకపోతే, పర్సిస్టెంట్‌గానే వస్తాయి. పైగా జేఎంఎస్ మెసేజ్‌తో ఆర్‌ఎఫ్‌హెచ్2 హెడర్ వస్తుంది, ప్రాపర్టీలు అందులో ఉంటాయి. ఏఎంక్యూఎస్‌పుట్‌లో ఆ హెడర్ ఉండదు. మీ రూటర్ ఏదైనా ప్రాపర్టీ చదువుతుంటే ఇప్పటిదాకా ఎక్స్‌ప్లోరర్‌తో వేసిన కేసుల్ని కూడా మళ్లీ వేయాల్సి ఉంటుంది.

డీలర్ అప్లికేషన్ నుంచి నిజంగా ఆర్డర్లు పెట్టించండి, రూటర్ ఆపి ఉంచండి. ఇన్‌పుట్ క్యూలో పడ్డవాటిని డీఎంపీఎంక్యూఎంఎస్‌జీ అనే కమాండ్‌తో ఫైల్‌లోకి దించుకోండి, డిస్క్రిప్టర్‌తో సహా వస్తాయి. అందులో ఆర్డర్ నంబర్లు, జీఎస్‌టీ నంబర్లు మార్చుకుని మళ్లీ క్యూలోకి ఎక్కించుకుంటూ ఉండొచ్చు. రేపటి రీస్టార్ట్‌కి ముందు ఆ ఫైల్‌లోని ప్రతి మెసేజ్‌కీ పర్సిస్టెన్స్ 1 ఉందో లేదో చూసుకోండి. 0 కనపడితే టెస్ట్ ఆపి నేరుగా డీలర్ అప్లికేషన్ టీమ్ దగ్గరికి వెళ్లండి.